గురువారం పాలు

తెలంగాణ వచ్చిన కొత్తలో చొక్కా జేబులో రెండు పెన్నులున్న మనిషి కనబడితే పల్లెల్లో లేచి కుర్చీ వేసేవారు. నా జేబులో మూడుండేవి. (రాసేది ఒకటే.) అప్పటికి నాకు ముప్పై నిండలేదు. ఆలేరు దిక్కు మగ్గాల ఇంట్లో పుట్టి, తెగిన పోగు అతకడం తప్ప ఏమీ రాని నాకు, కొత్తకోట పక్క పల్లెలో మేకల పాలు కొలిచి రాసే తాత్కాలిక కొలువు దొరికింది. అంతకుముందు మేకను నేను దగ్గరగా చూసింది కూరలోనే. లెక్క కుదిరితే కొలువు కొనసాగుతుంది, కుదరకపోతే మళ్ళీ మగ్గం గుంటలోకి కాళ్ళు.

ఆ వాడకట్టులో ఈనిన మేకలు పది. వాటిలో పెద్దది ఒక అవ్వ నల్లమేక. దాని పిల్లలు రెండూ దూడలంత ఉండేవి (సరే, దూడల్లో సగం). పాలు మాత్రం, నేను వెళ్ళే ప్రతి గురువారం, కొలపాత్ర అడుగు తడిసేటన్నే. మిగతా తొమ్మిదీ అంతే. ఈనినాక నెలా నెలన్నర పాలు పెరిగి, ఆపైన మెల్లగా తగ్గాలనీ, గీత గీస్తే గుట్టలా రావాలనీ నాకు ఆ కొలువిచ్చిన సారు చెప్పారు. నా గీత బెంగళూరు రోడ్డంత చదునుగా వచ్చింది.

"ఇవి మేకలా, బండరాళ్ళా? ఇంట్ల పండుకొని అంకెలు రాస్తున్నవు గదా! వచ్చే నెలకు గుట్ట తే, లేకుంటే ఇంటికి పో" అన్నారు సారు.

మర్నాడు, బుధవారం పొద్దున్నే చెప్పకుండా వెళ్ళాను. అవ్వ పాలు పితుకుతోంది. చెంబు నురగతో పొంగుతోంది.

"అవ్వా! గురువారం గిన్ని పాలు ఏడికి పోతున్నయ్?"

"పిల్లల కడుపులకు. నువ్వొచ్చే దినం ముందుగాలనే పిల్లలను ఇడుస్త. పొదుగు దిక్కు గుడ్లు మిటకరించి సూస్తవు, కొలుస్తవు, బుక్కుల రాస్తవు. గట్ల చేస్తే దిష్టి తగిలి మేక ఎండిపోదా బిడ్డా?"

"నా కన్ను గంత చెడ్డదా?"

"కన్ను మంచిదే. నీ పెన్నును సూస్తేనే భయం."

"నా కొలువు పోతది అవ్వా. బాపు ముంగట తలెత్తలేను."

అవ్వ నన్నూ మేకనూ మార్చి మార్చి చూసింది. "అయితే దాని పాలు తాగు. తాగినోని దిష్టి తగలది, ఇంటోడవైతవు. ముందుగాల తాగు, తర్వాత కొలువు."

అవ్వ ఒప్పుకుంటే వాడకట్టంతా ఒప్పుకున్నట్టే. గురువారం గురువారం పది ఇళ్ళలో పది గ్లాసులు! అయిదో ఇంటికి నాకు కొమ్ములు మొలిచేవి, పదో ఇంటికి నా అరుపు విని పిల్లలు పరుగెత్తుకొచ్చేవి. కానీ లెక్క తప్పకూడదుగా, అందుకని బుక్కులో కొత్త గడి గీసి 'కొలిచినవాడు తాగినవి' అని పైన రాశాను. నెల తిరిగేసరికి నా కాగితం మీద గుట్ట లేచింది. సారు ఆ గడి మీద వేలు పెట్టి, "ఇదేందయ్యా?" అన్నారు.

"దిష్టికి సార్" అని జరిగిందంతా చెప్పాను.

ఆయన నా పొట్ట దిక్కు చూసి, "రెండు గుట్టలు తెచ్చినవు పో" అన్నారు. కొలువు నిలిచింది.

అసలు భయం ఆ తర్వాత పట్టుకుంది. అవ్వ మేక పాలు తగ్గసాగాయి. తగ్గాలని సారు చెప్పిందే, నేను గీత గీసిందే. అయినా వారం వారం చెంబు తేలికవుతుంటే నా కన్నే తగిలిందనిపించి, కళ్ళు మూసుకుని కొలిచేవాణ్ణి (సగం నా చెప్పుల్లో పోసేవాణ్ణి). చివరికి ఒక గురువారం చెంబు అడుగు కూడా తడవలేదు. నేను తల దించుకుని నిలబడ్డాను. అవ్వ మేక వీపు నిమురుతూ, "నీ దిష్టి గాదు బిడ్డా. దాని దినాలైనయ్. మల్ల ఈనుతది, మల్ల ఇస్తది" అంది. ఆ రోజు కొలవడానికి ఏమీ లేకపోయినా, పక్కింటి నుంచి అడిగి తెచ్చి నాకు గ్లాసు నింపింది.

ఇప్పుడు నలభై దాటాను. పొద్దున పాల ప్యాకెట్ కత్తిరించి, గిన్నెలో పోసేముందు ఒక గుక్క తాగుతాను. "పచ్చిపాలు తాగుడేంది, ఏం పాడలవాటు!" అంటుంది ఇంటావిడ. ఆమెకేం తెలుసు! ఏ ఊరి బర్రెనో, ఎవరి కొట్టంలో ఉందో, ప్యాకెట్ మీది కొలత చదివాను కదా, నా కన్ను దానికి తగలకూడదు.