కత్తెరక్క కోసేసిన నత్తి

ఆవిడ అసలు పేరు జీతాలు రాసే గుమాస్తాకు తప్ప ఆ రేడియో స్టేషన్లో ఎవరికీ గుర్తులేదు. అందరికీ కత్తెరక్కే. ఆవిడకంటే వయసులో పెద్దవాడైన స్టేషన్ డైరెక్టరు కూడా "కత్తెరక్కా, కాస్త ఇది చూసిపెట్టమ్మా" అంటూ వచ్చేవాడు. చేతిలో కత్తెర ఉండేదా అంటే అదీ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో టేపును బ్లేడుతో కోసి, ముక్కలు అంటించేది. తరవాత కంప్యూటర్లు వచ్చాయి, బ్లేడు పోయింది. పేరు మాత్రం పోలేదు.

ఏం పని అంటారా? మైకు ముందు కూర్చున్నవాళ్ళ మాటల్ని శుభ్రం చెయ్యడం. మనం మాట్లాడేటప్పుడు "అంటే", "మరి", "ఏంటంటే" అని ఎన్నిసార్లు అంటామో మనకే తెలీదు. మధ్యలో దగ్గుతాం, గుటకలు మింగుతాం, చెప్పిందే చెబుతాం. అదంతా ఏరి పారేసేది కత్తెరక్క. అతుకు ఎక్కడేశారో చెప్పమంటే దేవుడు కూడా చెప్పలేడు. ఒకసారి ఓ పెద్ద డాక్టరు స్టూడియోకొచ్చి గంటసేపు నీళ్ళు నమిలి వెళ్ళాడు. ప్రసారమయ్యాక తన గొంతు తానే విని మురిసిపోయి ఫోన్ చేశాడు. "నేనింత బాగా మాట్లాడతానని మా ఆవిడక్కూడా తెలీదమ్మా!" అన్నాడు. కత్తెరక్క ఆ ఫోను సంగతి ఏళ్ళ తరబడి చెప్పుకుంది.

ఇంట్లో మాత్రం ఊరుకునేదా? మొగుడు బస్సు డ్రైవరు. డిపోలో జరిగిన గొడవ ఆయన మొదటినుంచీ ఎత్తుకుంటే, "అవన్నీ ఎందుకు గానీ, చివరికి ఏమైందో చెప్పండి" అనేది. ఆయనకు ఒళ్ళు మండేది. పాపం, ఆ తరవాత గోడకు చెప్పుకునేవాడు.

వాళ్ళకు పిల్లల్లేరు. తమ్ముడి కూతురే ఆవిడకు సర్వస్వం. రెండు వీధుల అవతలే వాళ్ళ ఇల్లు. పదిహేనేళ్ళ పిల్ల, పుల్లలాంటి మనిషి. అత్త ముద్దుగా పిచ్చుకా అని పిలిచేది. ఆ పిల్లకు నత్తి. ఇంట్లో దాన్ని ఎవరూ పెద్ద విషయంగా చూడలేదు. మాట ఎక్కడో చిక్కుకుంటుంది, కాసేపటికి బయటపడుతుంది, అంతేగా అనుకున్నారు.

బళ్ళో పిల్లలు అలా అనుకోలేదు. హాజరు పిలిచినప్పుడు ఈ పిల్ల "ప్రెజెంట్" అనేలోపు వెనక బెంచీల్లోంచి "ప్ప్ప్ప్" అని సాగదీసేవాళ్ళు. పొడుగు జడ పిల్ల ఒకతి, చురుకైనదే, క్లాసులో ఫస్టు కూడా, ఓరోజు ఈ పిల్ల పాఠం చదువుతుంటే దొంగచాటుగా ఫోన్లో వీడియో తీసింది. మొహం మీద, ఫోన్లో వీడియో ఆగిపోతే గిర్రున తిరిగే చక్రం బొమ్మ ఒకటి అతికించి క్లాసు గ్రూపులో పడేసింది. అంతే, ఆ రోజునుంచి పిచ్చుక పేరు "బఫరింగ్". మెట్ల దగ్గర బఫరింగ్, మంచినీళ్ళ కుళాయి దగ్గర బఫరింగ్, ఆఖరికి ఆడుకునే చిన్న తరగతి పిల్లల నోట్లో కూడా అదే మాట.

ఇక పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. డబ్బాలో పెట్టిన అన్నం పెట్టినట్టే తిరిగొచ్చేది. ఓరోజు వంటింట్లో తల్లి కొంగు పట్టుకుని, "నా... నాకు నోరే లేకపోతే బాగుండేదమ్మా" అంది. ఆ మాట విన్నాక ఆ తల్లికి ముద్ద దిగలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే స్టేషన్లో కళ్ళజోడాయన, అంటే ప్రొడ్యూసరు, బళ్ళల్లో పిల్లలు తోటి పిల్లల్ని ఏడిపించడం గురించి వారం వారం ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. డాక్టర్లు మాట్లాడారు, పంతుళ్ళు మాట్లాడారు. "పెద్దవాళ్ళు ఎన్ని చెప్పినా ఉపన్యాసమే అవుతోంది. పడ్డ పిల్ల నోటితో చెబితే గానీ ఎవరికీ ఎక్కదు" అని ఆయన తల పట్టుకున్నాడు. ఈ ముక్క కత్తెరక్క తమ్ముడింట్లో యథాలాపంగా అంది.

"నే... నేను చెబుతా" అంది పిచ్చుక.

తండ్రి వద్దంటే వద్దన్నాడు. ఉన్న గోల చాలదా, కొత్తగా ఊరందరి నోట్లో పడాలా అన్నాడు. ఆ పిల్ల వినలేదు. ఎందుకో కూడా చెప్పింది, చెప్పడానికి చాలాసేపు పట్టింది. బళ్ళో తను నోరు తెరిస్తే మాట సగంలో ఉండగానే నవ్వుతారట. ఇంతవరకూ తను చెప్పింది పూర్తిగా విన్నవాళ్ళే లేరట. రేడియోలో అయితే మధ్యలో అడ్డు తగల్లేరు కదా, తను ఎంతసేపు తీసుకుంటే అంతసేపూ వినాల్సిందే కదా అని. కత్తెరక్కకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా బంగారమే, నేనున్నాగా, ఎడిటింగ్ నేనే చేస్తా" అని దగ్గరకు తీసుకుంది.

రికార్డింగ్ బ్రహ్మాండంగా జరిగింది. అద్దం అవతల పిల్ల, ఇవతల అత్త. పిల్ల ఒక్కో మాట దగ్గరా ఆగి, మెడ నరాలు ఉబ్బి, కళ్ళు మూసుకుని, మళ్ళీ ఎత్తుకుని, మొత్తానికి అంతా చెప్పేసింది. చక్రం బొమ్మ, కడుపునొప్పి, నోరు లేకపోతే బాగుండుననుకోవడం, అన్నీ. కళ్ళజోడాయన జోడు తీసి తుడుచుకున్నాడు.

మర్నాడు కత్తెరక్క తలుపేసుకుని పనికి కూర్చుంది. ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా వినండి. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు, అందులో అనుమానం లేదు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకోగానే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చిక్కుకున్న మొదటి అక్షరం తీసేసింది. రెండోది తీసేసింది. మాటకూ మాటకూ మధ్య ఆ పిల్ల పెనుగులాడిన నిశ్శబ్దాలన్నీ కోసేసింది. ఏ అక్షరమైనా బొత్తిగా పనికి రాకుండా ఉంటే, అదే అక్షరం పిల్ల ఇంకోచోట బాగా పలికింది వెతికి తెచ్చి అతికించింది. సాయంత్రానికి పిచ్చుక గొంతు సెలయేరులా గలగలా వచ్చేస్తోంది. ఒక్క తడబాటు లేదు. అత్త పొంగిపోయింది. పిల్లకు ముందే వినిపిస్తే మజా ఉండదని, రేడియోలో విని ఆశ్చర్యపోవాలని, దాచిపెట్టింది కూడా! తన జన్మలో ఇంత మంచి పని చెయ్యలేదనుకుంది, పిచ్చి తల్లి.

ప్రసారమైంది. ఆ కార్యక్రమం మంచి చెయ్యలేదని నేననను, అంటే కళ్ళు పోతాయి. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఒక తండ్రి తన కొడుకు ఫోను తీసి చూశానని, అందులో ఎవరో పిల్లాణ్ణి ఏడిపించిన వీడియోలు ఉన్నాయని, వాణ్ణి వెంటబెట్టుకుని ఆ పిల్లాడింటికి వెళ్ళొచ్చానని చెప్పాడు. ఒకావిడ మాట రాక ఏడ్చి పెట్టేసింది. ఇంకో రెండు బళ్ళ పెద్దలు రికార్డింగు అడిగి తీసుకెళ్ళారు. పిచ్చుక బడి హెడ్మిస్ట్రెస్ అయితే పిల్లలందర్నీ హాల్లో కూర్చోబెట్టి పెద్ద స్పీకర్లలో వినిపించింది. స్టేషన్లో కళ్ళజోడాయనతో సహా అందరూ కత్తెరక్కను మెచ్చుకున్నవాళ్ళే.

తరవాత తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పిల్ల మాట్లాడ్డం మానేసింది."

"సంతోషం పట్టలేకేమోరా" అంది కత్తెరక్క.

"సంతోషమా? నువ్వొకసారి రా" అన్నాడు వాడు. ఆ గొంతు వినగానే ఆవిడ చెప్పులేసుకుని బయల్దేరింది.

వెళ్ళేసరికి పిచ్చుక మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. అత్తను చూసి మొహం తిప్పుకుంది. మరదలే చెప్పింది అంతా. హాల్లో ఆ గలగల మాటలు విని క్లాసంతా ఈ పిల్ల వైపు తిరిగారట. "అమ్మ దొంగా! రేడియోలో గడగడా వాగావే! మరి మా దగ్గర ఇన్నాళ్ళూ నాటకాలా?" అన్నారట. బఫరింగ్ పోయింది, ఇప్పుడు "నటి" అంటున్నారు. అదీ కాదు అసలు దెబ్బ. తెలుగు టీచరు, ఎప్పుడూ కసురుకోని మనిషి, ప్రేమగా భుజం మీద చెయ్యి వేసి, "ప్రయత్నిస్తే మాట్లాడగలవన్నమాట! ఇకనుంచి క్లాసులో కూడా అలాగే చదవాలి, సరేనా" అందట. చదవమని నిలబెట్టింది కూడా. పిల్ల నిలబడింది, నోరు తెరిచింది, మాట రాలేదు. ఆ రోజునుంచీ ఇవాళ్టికి నాలుగు రోజులు, ఒక్క మాట లేదు.

కత్తెరక్కకు తల కొట్టేసినట్టయింది. మంచం అంచున కూర్చుంది. "నేను... నువ్వు బాగా వినబడాలనేరా కన్నా..." అని ఏదో గొణిగింది. తన మాట తనకే రోతగా తోచింది. గబుక్కున గుర్తొచ్చినట్టు లేచి, "అసలు రికార్డింగు పారెయ్యలేదు, అలాగే ఉంది. రేపే కళ్ళజోడాయనతో చెప్పి అది వేయిస్తా. ఒక్క ముక్క కొయ్యకుండా వేయిస్తా" అంది.

పిచ్చుక అప్పుడు తిరిగి చూసింది. ఇన్నాళ్ళకు నోరు విప్పింది. మాట బయటికి రావడానికి ఎంతో అవస్థ పడింది.

"వద్దు. అ... అది వేస్తే నీ... నీ మనసు కుదుటపడుతుంది. నాకేంటి?"

పిల్ల మళ్ళీ అంది, బళ్ళో ఎవరూ తనను నమ్మరని. రెండో రికార్డింగు వేస్తే అదే నాటకమంటారని. "నువ్వు రా. మా... మా క్లాసుకొచ్చి నువ్వే చెప్పు, నువ్వు కో... కోశావని."

చూడండి మరి. వేలమంది గొంతులు ఆ చేతుల మీదుగా వెళ్ళాయే గానీ, కత్తెరక్క తన గొంతుతో నలుగురిలో మాట్లాడిన పాపాన పోలేదు. స్టేషన్ వార్షికోత్సవంలో రెండు ముక్కలు చెప్పమంటే బాత్రూంలో దాక్కున్న మనిషి. అయినా సరేనంది. కాదనడానికి ఇంకే మొహం మిగిలిందని?

క్లాసు తలుపులోంచి అడుగుపెట్టగానే సుద్దముక్కల వాసన, కిటికీ పక్కన ఎండ, అన్ని కళ్ళూ తన మీదే. పిచ్చుక మూడో బెంచీలో ఓ చివర కూర్చుని ఉంది. పక్కన ఎవరూ లేరు. టీచరు పరిచయం చేసి పక్కకు తప్పుకుంది. కత్తెరక్క టీచరు బల్ల అంచు పట్టుకుంది. "అంటే... మరి... ఏంటంటే పిల్లలూ..." అంది. ఎవరో కిసుక్కుమన్నారు.

"మీరు విన్నది ఈ పిల్ల మాట్లాడిన మాట కాదు" అంది మొత్తానికి. "ఇది మాట్లాడింది ఇలాగే, మీ దగ్గర మాట్లాడినట్టే. చాలా కష్టపడి మాట్లాడింది. తడబడ్డ చోటల్లా నేను కోసేశాను. కోసి, అతికించాను. ఇది నాటకం ఆడలేదు. ఆడింది నేను."

ముందు బెంచీలో పొడుగు జడ పిల్ల చెయ్యెత్తింది. ఆ పిల్ల మొహంలో వెటకారం లేదు, నిజంగా తెలుసుకోవాలనే ఉంది.

"ఎందుకు కోశారు ఆంటీ?"

కత్తెరక్క అబద్ధం చెప్పొచ్చు. సమయం సరిపోలేదనొచ్చు, పై అధికారి చెప్పాడనొచ్చు. పిచ్చుక చూస్తోంది. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"వినడానికి బాగుండదని" అంది.

అనేశాక గానీ ఆ మాట ఎలాంటిదో ఆవిడకు తెలియలేదు. మూడో బెంచీలో పిల్ల తల వంచుకుంది.

జడ పిల్ల లేచి నిలబడింది. "మరి... మేమూ అదే కదా ఆంటీ అన్నది?"

ఎవరూ నవ్వలేదు. టీచరు "ఏయ్, కూర్చో" అనబోతే కత్తెరక్కే చెయ్యి ఊపి వారించింది. భూమి చీలితే అందులోకి దూరిపోదామా అనిపించింది. కానీ ఆ పిల్ల అన్నది అక్షరాలా నిజం, కాదనడానికి లేదు.

"అవునమ్మా, అదే. మీరు నవ్వుతూ అన్నారు, నేను ప్రేమతో అన్నాను. అంతే తేడా."

"అంటే మీదే నయం కదా ఆంటీ" అంది జడ పిల్ల, ఓదారుస్తున్నట్టు.

"నాకేం తెలుసు తల్లీ? పడింది అది. ఎవరిది ఎక్కువ నొప్పి పెట్టిందో దాన్నే అడగండి."

క్లాసంతా వెనక్కి తిరిగింది. పిచ్చుక మెల్లిగా లేచి నిలబడింది. రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. "అ..." అంది. ఆగిపోయింది. "అ... అ..."

ఎవరూ వెనకనుంచి సాగదియ్యలేదు. జడ పిల్ల కూడా నోరు కొంచెం తెరుచుకుని అలాగే చూస్తోంది. మొదటి అక్షరానికే కత్తెరక్కకు అర్థమైపోయింది. అయినా తల ఎత్తే ధైర్యం లేక, కదిలే హక్కు లేక, మాట పూర్తయ్యేదాకా బల్ల పట్టుకుని అక్కడే నిలబడింది.

"అ... అత్తదే" అంది పిల్ల.