బీడీ దారంతో కట్టిన వైర్లు

కామారెడ్డిలో ఎల్లారెడ్డి రోడ్డు మీద కార్లకు వైరింగ్ చేసే నా కొడుకు ఈ ఎండాకాలంలో చనిపోయాడు. షాపు ఎందుకు మూసి ఉందని ఇప్పటికీ కొందరు ఫోన్ చేస్తున్నారు. వాడి ఫోన్ నా దగ్గరే ఉంది. ప్రతిసారీ నోటితో చెప్పలేక ఇలా రాస్తున్నాను. మామూలు జ్వరమే అనుకున్నాం. దవాఖానకు పోయేసరికి కామెర్లు ముదిరాయన్నారు.

వాడి సామానంతా ఇంటికి తెచ్చి పెట్టుకున్నాను. వైరు కొనలు నొక్కే ప్లయర్, సోల్డరింగ్ ఐరన్, కరెంటు వస్తుందో లేదో చూసే చిన్న బల్బు, ఫ్యూజులు, వైరు చుట్టలు. వాటి పేర్లన్నీ వాడి నోటి నుంచే నేర్చుకున్నాను. నేను బీడీలు చుడతాను. సెలవు రోజుల్లో వాడు పని ఇంటికి తెచ్చుకునేవాడు. వరండాలో నేను చాట ముందు, వాడు చెక్క ముందు. ఆ చెక్క మీద మేకులు కొట్టి, కారులో వైరు ఎక్కడ వంగాలో చెక్క మీద సరిగ్గా అక్కడే మేకు చుట్టూ వంచి, అంతా బయటే పేర్చుకుని, తర్వాత కారులోకి ఎక్కించేవాడు.

వైర్లను కట్టగా కట్టడానికి అందరూ టేపు చుడతారు. వీడికి టేపు పడదు. నా బీడీ దారాన్నే నాలుగు పేటలు వేసి, కొవ్వొత్తి రాసి కట్టమనేవాడు. ముడి వేసేది నేను. పక్క షెడ్డు మెకానిక్ వీడి దోస్తు. ఒకసారి ఇంటికొచ్చి చూసి నవ్వాడు.

"ఏందిరా, కారుకు బీడీలు చుడుతున్నవా?"

"మా అవ్వ ముడి గుంజి సూడు. ఊడితే షాపు నీకే ఇస్త" అన్నాడు నా కొడుకు. "టేపు మన ఎండలకు జిగురు కారుతది. చుట్టినంక లోపట ఏం జేసినమో ఎవనికీ కనవడది. దారమైతే రేపు ఇంకొకడు విప్పి చూస్కుంటడు."

ఆ ఇంకొకడు ఈ మెకానికే అవుతాడని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

చివరగా చేస్తున్నది ఎల్లారెడ్డి టీచరమ్మ కారు. చిన్నప్పుడే పోలియో వచ్చి ఆమె కాళ్లు పని చేయవు. "బడికి పోవాలన్నా, సుట్టాలింటికి పోవాలన్నా ఒకరిని అడగాలె తమ్మీ. అడిగీ అడిగీ యాష్టకొచ్చింది" అందట. గేర్లు మార్చే పని లేని పాత కారొకటి కొనుక్కుంది. ఎడమ చేతికి ఒక రాడ్డు, లాగితే వేగం, నూకితే బ్రేకు. దాన్ని మెకానిక్ బిగించాడు. కుడి చెయ్యి స్టీరింగ్ వదలకూడదు కాబట్టి హారన్, లైట్లు, ఇండికేటర్లు అన్నీ కుడి బొటనవేలికి అందాలి. ఆ వైరింగ్ నా కొడుకుది. సగంలో పోయాడు.

టీచరమ్మ మమ్మల్ని పలకరించడానికి వచ్చింది. ఆమె తమ్ముడు బండి మీద నుంచి ఎత్తి దించాడు. "కారు సంగతి ఇడిసిపెట్టుండ్రి అవ్వా" అంది నా చెయ్యి పట్టుకుని. ఆమె విడిచినా నా మనసు విడవలేదు. వాడు మాట ఇచ్చిన కారు షెడ్డులో వైర్లు వేలాడేసుకుని ఉంటే నాకు ముద్ద దిగలేదు. మెకానిక్‌ను పిలిచాను.

అతను కారులో తల పెట్టి చూసి, "సగం వైర్లు ఒక్క రంగే ఉన్నయి పెద్దమ్మా. ఏది దేనిదో ఎట్ల తెలుస్తది? అంత పీకి కొత్తగ ఎయ్యాలె" అన్నాడు.

"దారం సూడు బిడ్డా."

"దారమా? ఇంట్ల ఏ రంగుంటే గది కట్టిండనుకున్న."

మా వాడకట్టులో ఒక్కో ఇంట్లో ఒక్కో కంపెనీ బీడీలు చుడతారు. ఒక్కో కంపెనీకి ఒక్కో రంగు దారం. వైరు రంగులు దొరకనప్పుడు నా కొడుకు ఇల్లిల్లూ తిరిగి దారం అడుక్కొచ్చేవాడు. ఎరుపు లైట్లకు, పచ్చది ఇండికేటర్లకు, తెలుపు హారన్‌కు. కట్టింది నేనే కాబట్టి చెప్పగలిగాను. అతను ఒక్కో వైరుకూ బల్బు ఆనించి చూశాడు. వెలిగినప్పుడల్లా నా వైపు చూసి తల ఊపాడు. వాడు పోయాక నేను గుండెనిండా ఊపిరి పీల్చుకున్నది ఆ పూటే.

వైపర్‌ది మాత్రం నాకూ తెలియదు. ఆ వైరు అతనే కొత్తగా వేశాడు. టేపు చేతిలోకి తీసుకున్నవాడు మళ్లీ జేబులో పెట్టుకుని, "నాకూ జరంత దారం ఇయ్యి పెద్దమ్మా" అన్నాడు. అతని గురించి నేనెంత చెప్పుకున్నా తక్కువే.

నాకు ఇంతకాలం తన పక్కన కూర్చుని బతికే భాగ్యం ఇచ్చాడు నా కొడుకు. ఎదిగిన కొడుకులు తల్లితో ఏం మాట్లాడతారు? వీడు రోజంతా మాట్లాడేవాడు, నా చేత పని చేయించేవాడు, ముడి బాగుంటే బాగుందనేవాడు. ఆ మాట నాకు ఇంకెవరూ అనలేదు.

వానలు తగ్గాక టీచరమ్మ కారు తీసుకుపోవడానికి వచ్చింది. "ముందల కూసో అవ్వా, ఎల్లారెడ్డి దాక పోయొద్దాం" అంది. వెనక ఆమె తమ్ముడు రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు, ఏ పనీ లేనట్టు. దారిలో ఒకచోట రోడ్డు మీద సగం దాకా మక్కలు ఎండబోశారు. కాళ్లతో గింజలు నెరుపుతూ తిరగేస్తున్న ఒకామె కారు చూసి చీపురుతో అంచు లోపలికి జరపబోయింది. టీచరమ్మ అక్కర లేదన్నట్టు తల ఊపింది. వేగం తగ్గించి, మెల్లగా పక్కకు తిప్పింది. నేను కిటికీలోంచి కిందికే చూస్తున్నాను. ఎండలో మెరుస్తున్న ఆ గింజల్లో ఒక్కటీ చక్రం కింద పడలేదు.