పురిటింట్లో మగచేప

మా గ్రంథాలయంలో చేపల పెంపకం మీద ఉన్న ఒకే ఒక్క పుస్తకంలో ఈ సంగతి లేదు. అందుకే నేను రాసిపెడుతున్నాను.

1957లో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వస్తున్నాను. ఒళ్లో గాజు సీసా, అందులో మద్రాసు నుంచి తెప్పించిన మరుగుజ్జు సిక్లిడ్ చేపల జంట. పక్కన ఒక ముసలామె.

"ఏందప్పా, కూరకా?"

"పెంచేదానికవ్వా. ముందు తెచ్చిన జంట మూడు తూర్లు గుడ్లు పెట్టె. మూడు తూర్లూ బూజు పట్టి పాయె. ఒక్క పిల్లా దక్కలేదు."

"గుడ్లు పెట్టినాక ఏం చేస్తివి?"

"తినేస్తాయని రెండిట్నీ తీసి వేరే తొట్లో వేస్తి. పుస్తకంలో అట్లే ఉంది," అని పుట సంఖ్యతో సహా చెప్పాను.

ఆమె మగచేప ఉన్నచోట సీసాను వేలితో పొడిచింది. "తల్లిని ఆడనే ఉండనీ. ఈన్ని తీసెయ్. పురిటింట్లో మొగోనికేం పని?"

బస్సంతా నవ్వింది.

నాలుగోసారి మగచేపను మాత్రమే తీశాను. తల్లి బూజు పట్టకుండా రెక్కలతో గుడ్లకు విసురుతూ కాపలా కాసింది. పిల్లలు దక్కాయి.

పుస్తకం వెతికిచ్చిన ఓబులేసుకు, సీసా ఇచ్చిన సోడా అంగడి మస్తానుకు, పేరు చెప్పకుండానే శిరివెళ్లలో దిగిపోయిన అవ్వకు కృతజ్ఞతలు. మా ఆవిడ లక్ష్మీదేవికి కూడా. మొదటిసారే తను ఈ మాట చెప్పిందట. అప్పుడు నేను పుస్తకం చదువుకుంటున్నాను.