మూగ కీకి గ్యారంటీ

2023 ఎండాకాలం. పటమటలో నాది కీబోర్డులు, ఆంప్లిఫయర్లు బాగుచేసే కొట్టు. ఏడో తరగతితో బడి మానేశాను. బడి కూడా నా మీద పెద్దగా బెంగపెట్టుకోలేదు.

ఒక పొద్దున గుణదల నుంచి యేసుపాదం గారొచ్చారు. అక్కడ చర్చి కొండ కింద బండి మీద కొవ్వొత్తులు అమ్ముతారు. దుప్పట్లో చుట్టిన పాత కీబోర్డుని చంటిపిల్లని తెచ్చినట్టు తెచ్చారు. అది ఆయన కూతురు గ్రేసుది. సొంతంగా పాటలు కట్టి పాడుతుంది. ఊళ్లో ఏ ఫోను మోగినా ఆ పిల్ల గొంతే.

"పవర్ రావట్లేదు బాషా గారూ. అమ్మాయికి ఏడాదిగా కొత్త పాట రావట్లేదు. దీనిమీదైతే వస్తుందని ఇంటికొచ్చింది. వచ్చే ఆదివారం ప్రోగ్రాంలో కొత్తది పాడతానని మాటిచ్చేసింది."

"కీబోర్డుకీ, పిల్లకీ ఇద్దరికీ పవర్ పోయిందన్నమాట," అన్నాను.

ఆయన నవ్వలేదు. గొంతు తగ్గించి, "మధ్యలో ఈ తెల్ల కీ కూడా చూడండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పట్నుంచీ మూగదే. పిల్లకి మూగది కొనిచ్చానని ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అమ్మాయికి చెప్పకండి, చూసి మురిసిపోవాలి" అన్నారు.

కీల కింద కాంటాక్ట్ స్ట్రిప్ అని రబ్బరు పట్టీ ఉంటుంది. దానిమీద నల్లచుక్క అరిగిపోతే కీ టక్కుమంటుందిగానీ స్వరం పలకదు. పవర్ సాకెట్‌తో పాటు పట్టీ కూడా కొత్తది వేశాను. పాతది కవర్లో పెట్టిచ్చాను. తీసేసింది చేతికివ్వకపోతే అసలు మార్చనేలేదంటారు మనవాళ్లు.

మర్నాడు మధ్యాహ్నం తండ్రీకూతుళ్లిద్దరూ కీబోర్డుతో సహా దిగారు. గ్రేసు చేతిలో ఆ కవరు.

"అంకుల్, ఇది మళ్లీ లోపల పెట్టేయండి."

"బాగైనదాన్ని పాడుచేయమన్న పార్టీని ఇప్పుడే చూస్తున్నానమ్మా."

"నిన్నట్నుంచి ఏం వాయించినా వేరేవాళ్ల పాటల్లాగే వస్తోంది అంకుల్. ఆదివారానికి ఇంకా మూడ్రోజులే."

యేసుపాదం గారి మొహం వాడిపోయింది. "నేనే చేయించానమ్మా. ఇన్నేళ్లూ మూగదాంతో అవస్థపడ్డావని..."

నేను నోరుమూసుకుని పాత పట్టీ వేశాను. నాకది అలవాటులేని పని. పట్టీ వేయడం కాదు, నోరుమూసుకోవడం.

ఆ పిల్ల కౌంటర్ మీదే వాయించింది. ముందు, పదో తరగతిలో చర్చి కోసం కట్టిన కొవ్వొత్తి పాట. తర్వాత, హనుమాన్ జంక్షన్‌లో కాలేజీ బస్సు కోసం నిలబడీ నిలబడీ కట్టినది. తనకి పేరు తెచ్చిన పాట అదే. రెండింట్లోనూ ట్యూను ఆ కీ దగ్గరికొచ్చి ఆగుతుంది, టక్కుమంటుంది, పక్కకి దూకుతుంది. జనం చప్పట్లు కొట్టేది సరిగ్గా అక్కడే. మా మేనల్లుడి పెళ్లిలో నేనూ కొట్టాను.

యేసుపాదం గారు కీ వంకే చూస్తున్నారు. "అయితే అందరూ కొట్టే ఆ చప్పట్లు..."

"నువ్వు కొన్నవే నాన్నా."

ఆయన కండువాతో కళ్లు తుడుచుకుని, ఎండని తిట్టారు.

వెళ్తూ వెళ్తూ గ్రేసు, "గ్యారంటీ ఉందా అంకుల్?" అంది.

"చచ్చినా మోగదు. పొరపాట్న మోగిందా, పట్టుకురా. ఫ్రీగా పాడుచేసిస్తాను."

ఆదివారం కొత్త పాట పాడింది. వాళ్ల నాన్న కొవ్వొత్తుల బండి గురించి కట్టినది. ఆ టక్కు దగ్గర జనమంతా చప్పట్లు కొట్టారు. ముందు వరసలో యేసుపాదం గారు మాత్రం అందరికంటే కాస్త ముందే కొట్టేశారు.

అప్పట్నుంచి ఎవరు ఏం తెచ్చినా, ఏం పోయిందని అడిగాక ఇంకో మాట కూడా అడుగుతున్నాను: ఏది ముట్టుకోకూడదు? చాలామంది నన్ను ఎగాదిగా చూస్తారు. కొందరు మాత్రం కాసేపు ఆలోచించి, వేలు పెట్టి చూపిస్తారు.