తొమ్మిదో నట్టు

దయ్యం అన్న మాట ఎవరైనా ఎత్తితే నాకు చిర్రెత్తుకొచ్చేది. ఆదోనిలో ఒక బాలికల హైస్కూల్లో ఇరవై ఏళ్ళకు పైగా సైన్సు చెప్పాను. పిల్లలు చేతికి తాయెత్తు కట్టుకొస్తే క్లాసులోనే ఎగతాళి చేసేదాన్ని. మూడు దారుల దగ్గర దిష్టి తీసి పడేసిన నిమ్మకాయ కనిపిస్తే పనిగట్టుకుని తొక్కి పోయేదాన్ని. ఈ రోజుకీ నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది దయ్యం కథ అని ఎవరైనా అంటే వాళ్ళతో పోట్లాడతాను కూడా. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

ఎనభైల చివరి మాట. మా ఆయన ప్రహ్లాదది ఎమ్మిగనూరు. మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గం వదిలి, ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా చేరాడు. పత్తిలోంచి గింజ వేరుచేసే యంత్రాలు ఆగకుండా చూడటం ఆయన పని. మాటకారి కాదు. మా ఇంట్లో ఇద్దరి వంతు మాటలూ నేనే మాట్లాడేదాన్ని.

ఆదోని ఉప్పునీళ్ళకీ, బట్టల సోడాకీ నా వేళ్ళు పగిలిపోయేవి. స్కూల్లో సుద్దముక్క పట్టుకుంటే ఆ పగుళ్ళలో పొడి దిగి భగ్గుమనేది. నేను దాని గురించి సణిగానే గానీ ఏదీ అడగలేదు. ఒకరోజు ఎద్దులబండి మీద ఒక పాత వాషింగ్ మెషీన్ ఇంటిముందు దిగింది. మిల్లు గెస్ట్‌హౌస్‌లో చెడిపోయి మూలపడి ఉంటే ఆయన అడిగి తెచ్చుకున్నాడట. గుండ్రటి తొట్టి, అడుగున నీళ్ళను అటూ ఇటూ తిప్పే రెక్కలు, పైన బట్టలు పిండటానికి రెండు రబ్బరు రోలర్లు. నెల రోజులు ఆదివారాలన్నీ దాని కింద పడుకుని బాగుచేశాడు. టార్చిలైటు పట్టుకోవడం నా వంతు. పెరట్లో గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గులూ పోసి మెషీన్ ఒంటికి కరెంటు తగిలితే భూమిలోకి పోయేలా దానికి ఎర్త్ కూడా తనే వేశాడు. ఎండాకాలం ఆ గొయ్యి ఎండిపోకుండా రోజూ ఒక చెంబు నీళ్ళు పోసేవాడు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. నట్టు పూర్తిగా బిగించాక, బయటికి పొడుచుకొచ్చిన బోల్టు కొసకు చిన్న దారం ముక్క కట్టేవాడు. మిల్లులో పని సగంలో ఉండగా ఇంకో యంత్రం దగ్గరికి పిలుపొస్తుంది. తిరిగొచ్చేసరికి ఏది బిగించాడో ఏది లేదో గుర్తుండదు. అందుకని ఆ దారం. దారం ఉంటే పని అయిపోయినట్టు. దారం లేకపోతే ఆ నట్టు దగ్గర ఇంకా పని ఉన్నట్టు. అది మామూలు ముడి కూడా కాదు. మగ్గం మీద పోగు తెగితే వేసే ముడి, గుడ్డలో ఎక్కడ వేశారో కంటికి కనపడనంత సన్నగా ఉంటుంది. నాకు నేర్పుదామని మూడుసార్లు చూశాడు. నాకు రాలేదు.

మా మెషీన్‌కు కూడా అలాగే కట్టాడు. వాళ్ళమ్మ మగ్గం మీద మిగిలిపోయిన ఆకుపచ్చ అంచు దారం అది.

ఒక సాయంత్రం మా హెడ్‌మిస్ట్రెస్ ఇంటికి వచ్చింది. మెషీన్ చూస్తానంటే వెనక గదిలోకి తీసుకెళ్ళి చూపించాను. వెనక రేకు ఆ రోజు తీసి ఉంది. ఆమె వంగి చూసి పకపకా నవ్వింది.

"ఏం పద్మా, సైన్సు టీచరమ్మ ఇంట్లో మిషనుకు గూడా దిష్టి దారాలు కట్టినారే!"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె పోయిందో లేదో ఆయన మీద పడ్డాను.

"ఇప్పుడే తీసేయ్ అవన్నీ. నా పరువు పోతాంది."

"దిష్టికి కాదు మే, గుర్తు కోసరం కట్టినా" అన్నాడు.

"ఏ గుర్తూ వద్దు. తీసేయ్."

"సరేలే" అన్నాడు. బ్లేడు తెచ్చుకుని, మెషీన్ వెనక చతికిలబడి, ఒక్కొక్క దారమూ కోసి చొక్కా జేబులో వేసుకున్నాడు. నేను గడప దగ్గర నిలబడి అన్నీ కోశాడా లేదా అని చూశాను కూడా. ఆ నిలబడటం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు పొద్దున అదే చొక్కా వేసుకుని సైకిల్ మీద మిల్లుకు పోయాడు. నేను ఇంకా ముభావంగానే ఉన్నాను, పోయొస్తానంటే తల ఎత్తలేదు. పదకొండు గంటలకు స్కూలుకు మనిషి వచ్చాడు. మిల్లు ఆవరణలో నడుస్తూ నడుస్తూ పత్తి బేళ్ళ పక్కన కూలిపోయాడట. గుండె అన్నారు. నలభై ఒక్క ఏళ్ళు. ఆ చొక్కాను మావాళ్ళ పద్ధతి ప్రకారం శ్మశానం దగ్గరే చాకలాయనకు ఇచ్చేశారు. జేబు ఎవరైనా చూశారో లేదో అడిగే స్థితిలో నేను లేను.

ఆరునెలల తర్వాత మెషీన్ ఆగిపోయింది. మోటారు మూలుగుతోంది గానీ రెక్కలు తిరగడం లేదు, అడుగునుంచి నీళ్ళు కారుతున్నాయి. ఊళ్ళో దాన్ని బాగుచేసేవాళ్ళు లేరు. రేడియోలు బాగుచేసే ఆయన వచ్చి చూసి, పాత ఇనుప సామాన్ల అంగడికి వేసెయ్యమన్నాడు. ఆ మాటకు నేను ఏడ్చాను. చేతుల నొప్పి గురించి కాదు. ఇంట్లో ఆయన చేతితో నడుస్తున్న వస్తువు అదొక్కటే మిగిలింది, అది కూడా ఆగిపోతే ఆయన మళ్ళీ పోయినట్టే అనిపించింది. టార్చి పట్టుకుని ఇన్ని రోజులు చూశాను కదా, నేనే చేస్తాను అనుకున్నాను.

ఒక శనివారం సెలవు పెట్టి, వెనక రేకు విప్పి, మోటారు జరిపి బెల్టు బయటికి తీశాను. దాని అంచులు పీచులు లేచిపోయాయి. రెక్కల ఇరుసు చుట్టూ ఉండే ఆయిల్ సీల్, అంటే నీళ్ళు దిగకుండా ఆపే రబ్బరు చుట్ట, ఎండి పెంకులా పగిలింది. రెండూ పట్టుకుని జిన్నింగ్ మిల్లులకు సామాను అమ్మే అంగడికి పోయాను.

"ఏ మిల్లు నుంచి వచ్చినావమ్మా?" అన్నాడు అంగడి పెద్దాయన.

"మిల్లు కాదన్నా, ఇంట్లో బట్టలుతికే మిషనుకు."

ఆయన బెల్టు వైపు, నా వైపు చూశాడు. "ప్రహ్లాదన్న ఇంటామెవా నువ్వు? ఆయప్ప ఇట్లాంటిదే తీస్కపోతాండె. పాతది సాగింటాది, దీన్ని బట్టి కొలిస్తే లూజయితాది. ఒగ సైజు తక్కువ తీస్కో" అన్నాడు. రెండూ కాగితంలో చుట్టి ఇచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు.

ఇంటికి వచ్చి పని మొదలుపెట్టాను. పాత సీల్‌ను చెక్కముక్క పెట్టి తట్టి తీశాను. కొత్తదానికి గ్రీజు రాసి, ఒత్తి కూర్చోబెట్టాను. బెల్టు వేసి, మోటారును వెనక్కి లాగి పట్టుకుని నట్లు బిగించాను. మోటారుకు నాలుగు, తొట్టి అడుగున నాలుగు. అరచేతులు బొబ్బలెక్కాయి. అన్నీ అయ్యాయనుకుని, వెనక రేకు మాత్రం గోడకు ఆనించి, గడియారం చూస్తే నాలుగు కావస్తోంది. మా అమ్మాయి వాణిని బడి నుంచి తీసుకురావాలి. అప్పుడు దానికి ఏడేళ్ళు. పెరటి తలుపు గడియ వేసి, వీధి తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని పోయాను. పోయి వచ్చేసరికి అరగంట పట్టింది. ఆ ఇంటికి ఇంకో తాళంచెవి లేదు.

వస్తూనే వాణి చెప్పులు విడిచి మెషీన్ దగ్గరికి పరిగెత్తింది. తిరుగుతున్న నురగలో చేతులు పెట్టడం దానికి మహా సరదా. "అమ్మా, నీళ్ళు పోయ్, నీళ్ళు పోయ్" అని ఒకటే గోల. రెండు బిందెల నీళ్ళు పోశాను. సగం కింద ఒలికి బండలన్నీ తడిసిపోయాయి. స్విచ్ వేసేముందు వెనక రేకు బిగిద్దామని వంగాను.

మోటారు నాలుగు బోల్టులకూ ఆకుపచ్చ దారం కట్టి ఉంది.

ఇంకా వంగి దగ్గరగా చూశాను. పెరటి వెలుతురు నేరుగా దాని మీద పడుతోంది, పొరపాటు పడటానికి చీకటేమీ లేదు. తొట్టి కిందికి తొంగిచూశాను. అక్కడా నాలుగింటికీ ఉన్నాయి. అదే రంగు, అదే సన్నటి ముడి, కొసలు అంతే పొట్టిగా. ఎనిమిది. వాణి పక్కనుంచి "ఏమైందమ్మా" అంటోంది. నేను మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతున్నాను.

అప్పుడు కనిపించింది తొమ్మిదోది. ఒక పక్కగా ఉన్న చిన్న బోల్టు, దానికి దారం లేదు. నట్టు కూడా బిగించి లేదు. బెల్టుకు అడ్డమొస్తోందని పొద్దున నేను విప్పిన ఎర్త్ వైరు అలాగే వేలాడుతోంది. దాన్ని పూర్తిగా మరిచిపోయాను.

వెంటనే దాన్ని బిగించాను. వాణిని గడప అవతల నిలబెట్టి స్విచ్ వేశాను. టప్పుమని ఫ్యూజు పోయింది. ప్లగ్గు పీకి టార్చి వేసి వెతికితే తెలిసింది. మోటారు జరిపినప్పుడు కరెంటు వైరు ఒకటి నలిగి, పైతొడుగు చీలి, లోపలి రాగి మెషీన్ ఒంటికి తగులుతోంది. ఎర్త్ లేకుండా స్విచ్ వేసి ఉంటే తొట్టి మొత్తానికీ కరెంటు పాకేది. వాణి తడి నేల మీద ఒట్టి కాళ్ళతో నిలబడి అందులో చేతులు పెట్టేది. ఇది నమ్మకం కాదు. నేను పిల్లలకు బోర్డు మీద గీసి చెప్పే పాఠం.

వైరుకు టేపు చుట్టి, ఫ్యూజు తీగ మార్చి స్విచ్ వేస్తే మెషీన్ మామూలుగా తిరిగింది. చుక్క నీరు కారలేదు. దాని ముందు కూర్చుని వాణిని ఒళ్ళో పెట్టుకుని చీకటి పడేదాకా ఏడ్చాను.

నేనే కట్టి మరిచిపోయానేమో అని కూడా ఆలోచించాను. కానీ ఆ ముడి నాకు రాదు. ఆ దారం మా ఇంట్లో లేదు. ఇల్లంతా గాలించాను, ఆయన పనిముట్ల సంచి కూడా బోర్లించాను. మా ఇంటికి వచ్చిపోయేవాళ్ళలో ఆ ముడి వచ్చిన మనిషి ఆయన తల్లి, మా అత్త ఒక్కతే, ఆమె ఆ రోజు ఎమ్మిగనూరులో ఉంది.

మరుసటి ఆదివారం ఆమె బస్సులో వచ్చింది. ఏమీ చెప్పకుండా తీసుకెళ్ళి చూపించాను. ఆమెకు చూపు తగ్గింది. ముడిని గోటితో తడిమి చూసింది.

"ఇది నేనేసే ముడి కాదు పద్మా. ఎడంసేతి ముడి. మా ఇంట్లో వాడొక్కడే ఎడంసేతోడు. సిన్నప్పుడు కొట్టి గూడా సూసినా, మార్సుకోల్యా." ముడి మీదనుంచి గోరు తీయకుండానే, "ఎప్పుడు కట్టినాడు?" అని అడిగింది.

"పోయిన శనివారం అత్తా" అన్నాను. ఆమె ఎనిమిదింటినీ ఒక్కొక్కటే తడుముతూ అక్కడే కూర్చుంది.

ఆ తర్వాత నేను చేసిన పిచ్చిపని కూడా చెప్పాలి. మెషీన్ పైన రోలర్లకు రెండు నట్లు ఉన్నాయి, వాటికి దారం లేదు. వాటిని విప్పి, మళ్ళీ బిగించి, తాళం వేసి బయటికి పోయి అరగంట తిరిగి వచ్చేదాన్ని. ఎన్నిసార్లు చేశానో. పిల్లలకు ప్రయోగం చెప్పినట్టు అంతా అదే సమయానికి, అదే పద్ధతిలో. ఏమీ జరగలేదు. ఒకరోజు ప్లగ్గు పీకి, ఎర్త్ వైరు కావాలనే ఊడదీసి పెట్టి పోయాను. కోప్పడటానికైనా వస్తాడేమో అనుకున్నాను. తిరిగొచ్చి చూస్తే వైరు అలాగే వేలాడుతోంది. "దారాలు తీసేయమని ఇంకెప్పుడూ అననయ్యా" అని పైకే అన్నాను. మెషీన్ ముందు నిలబడి, ఒక సైన్సు టీచరు.

ఆ దారాలు ఎలా వచ్చాయో నాకు తెలీదు. కారణం లేకుండా ఏదీ జరగదని వేలమంది పిల్లలకు చెప్పాను, అది తప్పని ఇప్పటికీ అనను. దీనికి కారణం మాత్రం నాకు దొరకలేదు.

అత్త చనిపోవడానికి ఏడాది ముందు చివరిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, కొంగులోంచి ఆకుపచ్చ పోగు ఒకటి తీసింది. "ఆ తొమ్మిదోదానికి గూడా కట్టేస్తా పద్మా, బోసిగా ఉంది" అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపేశాను. దారం లేని నట్టు దగ్గర ఇంకా పని ఉన్నట్టు. ఆయన పద్ధతి అది. అందుకే ఆ ఒక్కదాన్ని అలాగే ఉండనిచ్చాను.