ఆశల విభాగం

మా ఆఫీసులో మనుషుల్ని ఆశలు అంటారు. అందరినీ కాదు. డబ్బున్నవాళ్ళని, అందులోనూ మాకు ఇస్తారని అనిపించినవాళ్ళని. కంప్యూటర్లో ప్రాస్పెక్ట్ అనే ఉంటుంది. పొద్దస్తమానం ఆ మాట అనలేక ఎవరో ఎప్పుడో ఆశ అన్నారు, అదే నిలిచిపోయింది. "ఆ సిమెంటు వ్యాపారి మంచి ఆశ." "ఆ లాయరు గారి మీద ఆశ వదిలేశాం." కొత్తగా చేరినవాళ్ళు మొదట్లో నవ్వుతారు. తర్వాత వాళ్ళూ అలాగే మాట్లాడతారు.

మాది కిడ్నీ జబ్బుల ఆసుపత్రి. డబ్బు కట్టలేని రోగులకి డయాలసిస్ మిషన్లు ఉచితంగా నడవాలంటే ఎవరో ఒకరు ఇవ్వాలి. ఎవరివ్వగలరు, ఎంతివ్వగలరు, ఎందుకిస్తారు, వాళ్ళింటికి మా తరఫున ఎవరు వెళ్ళాలి, ఎప్పుడు అడగాలి అని తేల్చే ఉద్యోగం ఒకటుంది. అది మా ఆరా అక్కయ్యది. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. నేను కింద కౌంటర్లో విరాళాలకి రసీదులు రాస్తాను. నా నోరు ఆగదు, ఆమె నోరు విప్పదు. అందుకే కాబోలు ఇద్దరికీ కుదిరింది. ఏళ్ళ తరబడి మధ్యాహ్నం ఒకే బల్ల మీద అన్నం డబ్బాలు విప్పుకుంటున్నాం.

ఈ ఉద్యోగం చేస్తానని చిన్నప్పుడు కలగన్నవాళ్ళు ఎవరూ ఉండరు. అక్కయ్య అంతకు ముందు ఒక పేపరు ఆఫీసులో పాత వార్తలు కత్తిరించి అంటించే గదిలో పనిచేసింది. ఆ గది మూతపడ్డాక ఇక్కడికొచ్చింది. ఎవరు షాపు తెరిచారు, ఎవరు స్థలం అమ్మారు, ఎవరి పిల్ల ఏ జబ్బుతో పోయింది అన్నీ ఆమె వేళ్ళ చివర ఉండేవి. ఆమె భర్త కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. పక్కింటివాళ్ళు అడిగితే అత్తగారు చెప్పేది: "మావాడు ఇళ్ళ బయట మీటర్లు చూస్తాడు, మా కోడలు లోపల బీరువాలు చూస్తుంది." చుట్టాల్లో ఎవరో దీనిలో ప్రమోషన్ ఏముంటుందని అడిగితే, "ఇంకాస్త పెద్ద ఆశలు ఇస్తారు" అని అక్కయ్యే అంది. ఆమె వేసిన జోకు నేను విన్నది అదొక్కటే.

ఆమెకొక నియమం ఉండేది. తను వివరాలు తీసిన మనిషి ఇంటికి తను వెళ్ళదు. "చూస్తే మొహమాటం వస్తుందే. మొహమాటం వస్తే అంచనా తప్పుతుంది" అనేది. ఇళ్ళకి వెళ్ళే పని వేరే అతనిది. లిఫ్టు మధ్యలో ఆగిపోయినా నవ్వుతూనే ఉంటాడని అతనికి చిరునవ్వు అని పేరు పెట్టాం.

అక్కయ్య దగ్గర పని నేర్చుకోవడానికి ఒకమ్మాయి వచ్చింది. అందరూ చిన్నారా అనేవాళ్ళు. చురుకైన పిల్ల. ఆ పిల్లకి అక్కయ్య చెప్పిన మొదటి పాఠం నేనూ విన్నాను. "ఉన్నవాళ్ళ వెంట పడకమ్మా, ఇస్తున్నవాళ్ళని చూడు. ఒక మనిషి మన అంచనాకి మించి ఇస్తున్నాడంటే, మనకి తెలియని ఆస్తి ఎక్కడో ఉన్నట్టు." చిన్నారా తలూపింది. ఏడాది తిరక్కుండానే ఎక్కువ జీతానికి ఇంకో చోటికి వెళ్ళిపోయింది. పాఠం మాత్రం మర్చిపోలేదు.

ప్రెస్సాయన మా ఆశల్లోకి వచ్చింది ఆ పిల్ల వెళ్ళాకే. చిన్న ప్రింటింగ్ ప్రెస్సు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు వేసేవారు. భార్య ఎప్పుడో పోయింది. ఒక్కతే కూతురు, కాలేజీ చదువు మధ్యలో మా వార్డులోనే పోయింది. కర్మకాండలయ్యాక వచ్చి, మిగతా పిల్లల కోసమని కొంచెం ఇచ్చి వెళ్ళారు. అక్కయ్య ఆయన్ని చిన్న ఆశల్లో వేసింది. చిరునవ్వు వెళ్ళి పలకరించి వచ్చాడు. వారం తిరక్కుండా ఆయన మళ్ళీ ఇచ్చారు, ఈసారి ఎక్కువ. చిరునవ్వు మళ్ళీ వెళ్ళాడు. చెక్కు ఇంకా పెద్దదైంది. వచ్చి చిరునవ్వు రాసేది ప్రతిసారీ ఒకటే: "అమ్మాయి గురించి చెప్పారు. విన్నాను. ఇచ్చారు."

అక్కయ్య సూత్రం ప్రకారం ఆయనకి కనపడని ఆస్తి ఉండాలి. ఆయన్ని ఒక మెట్టు పైకి ఎక్కించింది, తర్వాత ఇంకో మెట్టు. పై మెట్టు మీదున్నవాళ్ళ ఇంటికి ఎక్కువసార్లు వెళ్ళాలి. చిరునవ్వు వెళ్ళేకొద్దీ ఆయన ఇచ్చారు, ఆయన ఇచ్చేకొద్దీ చిరునవ్వు వెళ్ళాడు. డైరెక్టరు మహా సంబరపడ్డాడు. "డయాలసిస్ గది మొత్తానికీ వాళ్ళమ్మాయి పేరు పెడదాం. పెద్ద మొత్తం అడిగేద్దాం. అంచనా రాసివ్వండి" అన్నాడు.

ఆ వారమే ప్రెస్సాయన స్వయంగా చెక్కు తెచ్చి నా కౌంటరు ముందు నిలబడ్డారు. మా నాన్న దర్జీ. ఎంత వద్దనుకున్నా నా కళ్ళు బట్టల మీదికే పోతాయి. మధ్యాహ్నం డబ్బా విప్పుతూ అన్నాను.

"అక్కా, ప్రెస్సాయన చొక్కా కాలరు విప్పి తిరగేసి కుట్టించుకున్నారు."

"పిసినారేమో."

"మనకిచ్చేది చూస్తే పిసినారిలా ఉన్నాడా?"

అక్కయ్య తినడం ఆపేసి డబ్బా మూసేసింది. సాయంత్రం వెళ్ళేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "రేపు నాకు తోడు రావే" అంది. అలా ఆమె నియమం తప్పింది.

కింద ప్రెస్సు, పైన ఇల్లు. కింద గదిలో ప్రెస్సు లేదు. నేల మీద బోల్టులు పీకిన గుంటలు, వాటి మధ్య నల్లటి నూనె మరక, గోడకి పాత కాలెండరు మేకు. పైన కుర్చీలు రెండే ఉన్నాయి. ఆయన మమ్మల్ని వాటిలో కూర్చోబెట్టి, తను కాగితాల పెట్టె బోర్లించుకుని కూర్చున్నారు.

"ఆ అబ్బాయి రాలేదామ్మా?"

"లేదండీ. మేం ఊరికే చూసి పోదామని…" అంది అక్కయ్య. "కింద మిషను?"

"అమ్మేశానమ్మా. మొన్నిచ్చిన చెక్కు అదే." పాత న్యూసుపేపర్లు అమ్మేసినట్టు చెప్పారు. తర్వాత ఆయన మొహం విప్పారింది. "మా అమ్మాయి సంగతి మీకు చెప్పాడా? మీ ఆసుపత్రిలో సూది గుచ్చించుకుని వచ్చిన రోజు దానికో బన్ను కొనిచ్చేవాణ్ణి. సగం తిని సగం జేబులో దాచేది. ఎందుకనుకున్నారు? వీధి చివర నల్లకుక్క ఒకటుండేది, నల్లోడనేది దాన్ని. ఒకరోజు మేం బస్సెక్కితే ఆ నల్లోడు బస్సు వెనకాలే పరిగెత్తాడు. డ్రైవరు బస్సాపి, ఎవరిదండీ ఈ కుక్క అంటే, మా పిల్ల లేచి నిలబడి, మా తమ్ముడండీ అంది!"

ఆయన నవ్వారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

"విసుగొస్తే చెప్పండమ్మా. మా అన్నయ్య దగ్గర దాని పేరెత్తితే చాలు, టీవీ సౌండు పెంచుతాడు. ఎన్నాళ్ళురా ఇంకా అంటాడు. వాడి తప్పు లేదు, ఎన్నిసార్లని వింటాడు? ఆ అబ్బాయి మాత్రం వింటాడు. తర్వాతేమైందండీ అని అడుగుతాడు కూడా."

"అతను వచ్చేది…" అని అక్కయ్య ఆగిపోయింది.

"తెలుసమ్మా. డబ్బు కోసం. నాకేమన్నా పిచ్చా? ఊరికే ఎవరొస్తారు?"

బస్సులో అక్కయ్య కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దిగే ముందు అంది: "మిషను అమ్ముకుని ఇస్తుంటే నేనేమో ఆస్తి ఎక్కువుందని పైకెక్కించానే." నాకు ఆమె మీద కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ జాలేసింది.

మర్నాడు ఆయన పేరు పక్కన "ఇక అడగరాదు" అని పెట్టేసింది. డైరెక్టరు పిలిచాడు.

"ఇచ్చే మనిషిని వద్దంటారేంటమ్మా?"

"ఆయనకి ఇల్లొక్కటే మిగిలింది సార్."

"ఆయనిల్లు, ఆయనిష్టం. ఆయనేం పసిపిల్లాడా? బయట బెంచీల మీద ఎంతమంది ఉన్నారో చూశారా?"

ఆ బెంచీలు నా కౌంటరుకి ఎదురుగానే ఉంటాయి. మిషను ఖాళీ అవుతుందా అని కళ్ళు కాయలు కాచేలా చూసేవాళ్ళని నేను రోజూ చూస్తాను. అందుకే డైరెక్టరు మాట పూర్తిగా తప్పని ఇప్పటికీ అనలేను. కానీ అక్కయ్య వినలేదు. ఆయన్ని డబ్బు అడిగితే, తన అంచనాలు తప్పని ట్రస్టీల ముందు తనే చెప్తానంది. డైరెక్టరు తగ్గాడు. ఆ ఏడు అక్కయ్య జీతం పెరగలేదు.

ఇల్లు నిలిచిందని ఇద్దరం అనుకున్నాం. ఒక సంగతి మాత్రం మాకు తట్టలేదు. అడగరాని మనిషి ఇంటికి మా వాళ్ళు వెళ్ళరు. ఒక్కసారి చూసి రమ్మని అక్కయ్య బతిమాలితే, "నా రోజుకి నేను లెక్క చెప్పాలి కదా అక్కయ్యా" అన్నాడు చిరునవ్వు, నవ్వుతూనే.

కొన్నాళ్ళకి ప్రెస్సాయన నా కౌంటరు దగ్గరికి వచ్చారు. "నా వల్ల ఏమన్నా పొరపాటు జరిగిందామ్మా? అబ్బాయి రావడం మానేశాడు." నేను అక్కయ్యని కిందికి పిలిచాను.

"మీ ఇల్లు మీకుండాలనండీ" అంది అక్కయ్య.

"ఇల్లుంటే? గోడలకి చెప్పుకోనా?"

ఆదివారాలు నేనొస్తానండీ అంది అక్కయ్య. అన్నట్టే వెళ్ళింది. తీసుకెళ్ళింది చెవులు మాత్రమే. తర్వాత ఆమె అత్తగారు బాత్రూంలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆవిణ్ణి లేపడం, తిప్పడం, పక్క మార్చడంతో ఆదివారాలు అయిపోయాయి. అక్కయ్య ఫోన్ చేసి చెప్పుకుంటే ఆయన పర్వాలేదమ్మా అన్నారు.

ఒక మధ్యాహ్నం మేం తింటుంటే చిన్నారా ఫోన్ చేసింది. వీధికుక్కల్ని తెచ్చి సాకే సంస్థలో ఉందిప్పుడు. గొంతు హుషారుగా ఉంది, నాకూ వినపడుతోంది.

"అక్కా, మీ పాఠం ఎంత పనికొచ్చిందో! ఒకాయన దొరికాడు. ఇదివరకు ప్రెస్సు ఉండేదట. పోయిన కూతురికి కుక్కలంటే ప్రాణమట. మేం వెళ్ళిన ప్రతిసారీ ఇస్తున్నాడు. కాగితాల్లో చూస్తే ఏమీ లేదు. అంటే ఎక్కడో ఉన్నట్టే కదా?"

అక్కయ్య చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఏమీ లేదమ్మా ఆయనకి. వదిలెయ్యి. నా మాట విను, ఆ ఇల్లు తప్ప ఇంకేమీ లేదు."

అవతల చిన్నారా గొంతు ఇంకా హుషారైంది.

"సొంతిల్లా అక్కా? మేం అద్దె ఇల్లనుకున్నాం."

అక్కయ్య ఫోన్ బల్ల మీద పెట్టేసింది. ఊరందరి వివరాలు కడుపులో దాచుకున్న మనిషి, దాచాల్సిన ఒక్కటీ తన నోటితోనే ఇచ్చేసింది.

ఆ సాయంత్రమే పరుగున వెళ్ళింది. ఇల్లు ఇవ్వొద్దని ఆయన చేతులు పట్టుకుందట. ఆయన కోప్పడలేదట. "వాళ్ళు గురువారం గురువారం వస్తున్నారమ్మా. మీరెప్పుడొస్తారు?" అని మాత్రం అడిగారట. మంచం మీదున్న అత్తగారిని తలుచుకుని అక్కయ్య ఏ రోజూ చెప్పలేకపోయింది.

వానలు మొదలయ్యేలోపు ఇల్లు అమ్ముడుపోయింది. కుక్కల సంస్థలో ఒక షెడ్డుకి ఆ అమ్మాయి పేరు పెట్టారు, అక్షరాలు బాగానే ఉన్నాయి. తర్వాత ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. చిన్నారా తెలివైనది, ఆశ ఎప్పుడు వదులుకోవాలో కూడా అక్కయ్య దగ్గరే నేర్చుకుంది. గురువారాలు ఆగిపోయాయి. ప్రెస్సాయన ఇప్పుడు వాళ్ళన్నయ్య ఇంటి వెనక సామాన్ల గదిలో ఉంటున్నారు. ముందు గదిలోంచి టీవీ బాగా వినిపిస్తుందట.

మొన్న మా ఆఫీసుకి వచ్చారు. రసీదు పుస్తకం తీయబోతే వారించారు.

"ఇవ్వడానికి కాదమ్మా. కాసేపు ఊరికే కూర్చోనా?"

కూర్చోమన్నాను. పైకి ఫోన్ చేశాను. అక్కయ్య అన్నం డబ్బా పట్టుకుని దిగి వచ్చి, రోగుల బెంచీ మీద ఆయన పక్కన కూర్చుంది. ఆ రోజు నుంచి రోజూ వస్తున్నారు. అదే చొక్కా, ఆ కాలరు తిరగేసిన వైపు కూడా పీలికలైంది. ఇంకెన్నాళ్ళు రాగలరో తెలీదు, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది.

నిన్న డైరెక్టరు లిఫ్టు కోసం నిలబడి వాళ్ళని చూశాడు. అక్కయ్యని ఇటు పిలిచి గొంతు తగ్గించి అడిగాడు.

"ఈయన రోజూ ఎందుకొస్తున్నాడమ్మా? ఈయన మీద మనకిక ఆశేం లేదుగా?"

"మనకి లేదు సార్" అంది అక్కయ్య. "మన మీద ఆయనకుంది."

డైరెక్టరు లిఫ్టెక్కాడు. అక్కయ్య వెళ్ళి మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. కథ నల్లోడు బస్సు వెనక పరిగెత్తే చోటికి వచ్చి ఆగి ఉంది. ఆమె డబ్బా మూత తీసి సగం ఆయన ముందు పెట్టి, "తర్వాతేమైందండీ?" అని అడిగింది.