ఇరవై మూడో రిఫరెన్సు

మిరపకాయల్లో మిగిలే పురుగుమందుల మీద మేం రాసిన పేపర్‌ని ఈ రోజు జర్నల్‌కి పంపాలి. చివర్లో ఉండే రిఫరెన్సులన్నీ వాళ్లు అడిగిన పద్ధతిలోకి మార్చే పని నాకు పడింది. ఇంటిపేర్లు ముందుకి, సంవత్సరం వెనక్కి, ప్రతిదానికీ లింకు. ఇరవై మూడోదానికి మాత్రం లింకు దొరకలేదు. తామరపురుగు మందు కొట్టిన వారానికి కాయలో ఏమీ మిగలదన్న మా వాక్యానికి ఆధారం అదొక్కటే.

ఆ భాగం రాసిన మా జూనియర్ సుధారాణిని అడిగాను.

"అసలు పేపర్ నేను చూళ్లేదు సార్. వేరేవాళ్ల లిస్టులో ఉంటే తెచ్చి పెట్టాను. అందరూ అంతే కదా."

ఆ వేరేవాళ్లు ఇంకొకరి దగ్గర తీసుకున్నారు. అలా నాలుగు పేపర్లు వెనక్కి వెళ్తే, మొదట వాడింది నేనే. నా పీహెచ్‌డీ రోజుల పేపర్‌లో. ఎక్కణ్ణుంచి తెచ్చానో గుర్తు లేదు. ఆ రిఫరెన్సు ఉండాల్సిన జర్నల్ సంచిక తెరిచి చూస్తే అలాంటి పేపరే లేదు.

అప్పుడే దర్శి నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు.

"ఏరా, నువ్వు చెప్పినట్టే మందు కొట్టాక వారం ఆగి కోయించాం. ఎండబెట్టి కారం పట్టించా. పొద్దున బస్సులో మీకు రెండు కేజీలు వేశా, వెళ్లి తెచ్చుకో."

తెచ్చాను. లిస్టులోంచి ఇరవై మూడోది తీసేయడానికి క్షణం పట్టింది. కారం డబ్బా మూత మాత్రం ఇంకా తీయలేదు.

మీ ఇంట్లో కారం ఎవరి మాట మీద వాడుతున్నారో, కాస్త చెప్పండి.